నీటి పద్దు

ప్రయోగమనగానే మనకు గాజు గొట్టములు, స్పిరిటు దీపము, బల్లమీద వరుసగా పేర్చిన సీసాలు జ్ఞప్తికి వచ్చును. గది తలుపులు మూసికొని, కావలసిన వస్తువును మాత్రము దగ్గర నుంచుకొని, తక్కినవానిని వెలుపలికి నెట్టి చేయు పరీక్ష అది. ఫలితము చెడినచో గొట్టమును కడిగి మరల మొదలు పెట్టవచ్చును. కాని నదిని గదిలో ఇముడ్చలేము. చెరువును, అడవిని, వేలకొలది బావులు గల పల్లెసీమను కడిగి మరల మొదలు పెట్టలేము. అట్టివానితో ప్రయోగము చేయవచ్చునా?

చేయుచునే యున్నాము. ఆనకట్ట కట్టుట, కాలువకు నీరు వదలుట, బోరుబావి త్రవ్వుట, కొత్త వంగడము నాటుట - ఇవన్నియు ఫలితము ముందుగా నిశ్చయముగ తెలియని పనులే. తెలిసి చేసిన ప్రయోగమునందు కొలత ఉండును, వ్రాసిపెట్టిన లెక్క ఉండును. తెలియక చేసినదానియందు అవి ఉండవు. కష్టము వచ్చినపుడు కారణము తోచదు. నీటి విషయమున ఈ భేదము ఎట్టిదో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములను చూచి గ్రహింపవచ్చును.

ఈ మూడు పట్టణములును చిరకాలము నల్లగొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట ప్రత్యేక జిల్లా కాగా, కోదాడ అందు చేరినది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. పటముమీద గీతలు మారినను నేల మారలేదు. అడుగున గట్టి రాయి. పైన కొన్నియెడల ఎఱ్ఱని చల్కనేల, కొన్నియెడల నల్లరేగడి. ఏటికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన. దక్షిణమున కృష్ణానది పారుచున్నది. హైదరాబాదు మీదుగా వచ్చిన మూసీ వాడపల్లి వద్ద దానిలో కలియును. పొలములకు నీరు ముఖ్యముగ మూడు తెరవుల వచ్చుచున్నది. మిర్యాలగూడ, కోదాడ వైపు నాగార్జునసాగరు ఎడమ కాలువ. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు, చెరువులు. ఇవి అందని మెట్టలలో బోరుబావులు.

వీనిలో చెరువులు మిక్కిలి పురాతనములు. సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు దేవాలయములతోపాటు చెరువులను కూడ నిర్మించిరి. చెరువు త్రవ్వుట ఒక యెత్తు, దాని నీటిని పంచుట వేరొక యెత్తు. ఆ పంపకమునకై ఊరిలో నీరటి యనువాడు ఉండెడివాడు. ఏ తూము ఎప్పుడు తెరవవలెనో, ఎవరి మడికి ఎంతసేపు నీరు పారవలెనో అతడెఱుగును. వానాకాలపు పంట చేతికి వచ్చిన పిమ్మట చెరువులో మిగిలిన నీటిని చూచి, యాసంగిలో ఎన్ని ఎకరములు సాగు చేయవచ్చునో నిర్ణయించు ఆచారము కూడ తెలంగాణమున కలదు. దానినే తైబందీ యందురు. నీరు సగమున్నచో ఆయకట్టులో సగమే సాగు. ఇంత చక్కని లెక్క మన పల్లెలలో ఉండగా, నీటిని లెక్కించుట పరదేశపు విద్యయని తలచువారిని చూచి ఆశ్చర్యపడవలసి యున్నది. అయితే ఆ లెక్క చెరువునకు సరిపోయినది. చెరువునీరు కంటికి కనబడును. కట్టమీద నిలిచినవారందఱును ఒక్కటే నీటిని చూతురు. కాలువ వచ్చినపుడును, బోరు వచ్చినపుడును ఆ సౌలభ్యము పోయినది.

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువయని పేరు. అది 11,000 క్యూసెక్కుల నీటిని, అనగా సెకనుకు 11,000 ఘనపుటడుగుల నీటిని మోయగలదు. వర్షమునకై ఆకాశమును చూచుచు జొన్న, ఆముదము పండించుకొను మెట్టసీమలోనికి ఇంత నీరు ఒక్కసారి వచ్చుట సామాన్యమైన మార్పు కాదు. వరి వచ్చినది, మిర్యాలగూడలో బియ్యపు మిల్లులు వెలసినవి, కోదాడ పెద్ద వ్యాపారకేంద్రమైనది.

కాలువను ఆలోచించినవారు నీటినంతయు వరికే ఉద్దేశింపలేదు. కొన్ని భూములకు మాగాణి, కొన్నింటికి ఆరుతడి పంటలని ముందుగానే నిర్ణయించిరి. కాగితముమీది నిర్ణయము ఒకటి, గట్టుమీది నడవడి వేరొకటి అయినది. ఎగువన కాలువ పొడవునను వరి విస్తరించెను. ఆరుతడికి ఉద్దేశింపబడిన నేలలలో కూడ నీరు నిలిచెను. కాలువ దిగువకు పోయినకొలది నీరు సన్నగిల్లెను. ఎగువవాని మడిలో నీరు పొంగి గట్టుదాటుచుండగా, చివరి తూమువాడు ఎండిన పిల్లకాలువను చూచుచు కూర్చుండవలసి వచ్చెను. ఇందు ఎగువవానిని దుష్టుడనుట న్యాయము కాదు. రేపు నీరు వచ్చునో రాదో తెలియనివాడు ఈనాడు వచ్చినదానిని పట్టి ఉంచుకొనును. దిగువన నున్నచో అతడును ఇట్లే మొఱపెట్టుకొనును.

దీనికి విరుగుడుగా వారబందీ పద్ధతి వచ్చెను. కొన్ని దినములు నీరు వదలి, కొన్ని దినములు ఆపి, తేదీలను ముందుగ ప్రకటింతురు. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సేద్యపు నీటి వ్యవస్థల నిర్వహణలో రైతులకు భాగమిచ్చు చట్టము చేసెను. ఆ యేడే పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిగెను. ఇదియు ఒక గొప్ప ప్రయోగమే. కాని తరువాతి యెన్నికలు సకాలమున జరుగక సంఘముల బలము తగ్గినది.

బోరుబావి సంగతి ఇంకను జటిలము. కాలువనీరు పారునది గనుక తగవైనను కంటికి కనబడును. భూగర్భజలము కనబడదు. ఇక్కడ కొంచెము గణితము అవసరము. పలకమీద వేసి చూచుకొనుడు. ఒక ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన, ఆ నీరు సుమారు 4,047 లీటర్లు. ఏడాదికి 750 మిల్లీమీటర్లనగా ముప్పది లక్షల లీటర్లకు పైమాట. చాలదా యని తోచును. కాని ఆ వానలో ఎక్కువభాగము ఆవిరియగును, చెట్టుచేమలు త్రాగును, కొంత వాగులవెంట పోవును. గట్టి రాతినేలలో లోనికింకి బావులకు చేరునది సుమారు పదవ వంతు, అనగా 75 మిల్లీమీటర్లు. వరి పంటకు ఆరంభమునుండి కోతవరకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. 1,200ను 75చే భాగించిన వచ్చునది 16. ఒక ఎకరము వరిని బోరునీటితో యాసంగిలో పండించు రైతు పదునారు ఎకరములపై కురిసిన వాన తాలూకు ఊటను వాడుకొనుచున్నాడు! మడిలో నిలిచిన నీటిలో కొంత మరల భూమిలో ఇంకునన్నమాట నిజమే. అది లెక్కకు చేర్చినను భారము పెద్దదే. వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు చాలును. అది ఏడు ఎకరముల ఊటకు లోపు.

ఈ లెక్క తెలియక పూర్వము ఏమి జరుగుచుండెను? ఒకరి బోరు ఎండిన, అతడు ఇంకను లోతునకు దింపును. పొరుగువాని బోరు ఎండును. అతడును దింపును. బోరు వేయుటకు అప్పు, అది నీరు పడకపోయిన మరియొక అప్పు. 2004 నుండి సేద్యపు పంపులకు విద్యుత్తు ఉచితమైనది. రైతునకది గొప్ప ఊఱట. కాని తోడిన నీటికి వెల తెలియజేయు ఆ ఒక్క గుర్తును పోయినది.

ఇట్టి చిక్కులు మనకొక్కరికే కలిగినవి కావు. ప్రకృతిని పూర్తిగా తెలిసికొన్న పిమ్మట దానిని నిర్వహింతమన్న, ఆ దినము ఎన్నటికిని రాదని కెనడా దేశపు శాస్త్రజ్ఞుడు హోలింగ్ 1978లో తన సహచరులతో వెలువరించిన గ్రంథమున చెప్పెను. కనుక చేయు ప్రతి పనిని ఒక పరీక్షగా ఏర్పాటు చేయవలెను. ఫలితమును ముందుగ ఊహించి వ్రాసికొనవలెను. కొలిచి చూచి, ఊహ తప్పినచో పద్ధతిని సవరింపవలెను. మాట సులభము. ఆచరణ ఎట్లుండునో అమెరికా దేశమునందలి కొలరాడో నది తెలుపును. ఆ నదిపై 1963లో నిలిచిన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట ఇసుకను, ఒండ్రును పట్టివేసెను. దిగువన తేట నీరు మాత్రము పారి, ఒడ్డులనున్న ఇసుక తిన్నెలు కరిగిపోసాగెను. 1996లో మార్చి చివర మొదలుకొని ఏడు దినములపాటు 45,000 క్యూసెక్కుల నీటిని బుద్ధిపూర్వకముగ వదలిరి. మన ఎడమ కాలువ మోయగల నీటికి అది నాలుగు రెట్లు. అడుగున పడియున్న ఇసుక లేచి ఒడ్డులకు చేరెను. అందఱును సంతోషించిరి. కాని కొలుచుట మానలేదు. కొలిచి చూడగా ఆ తిన్నెలు కొలదికాలములోనే మరల కరిగిపోవుట కనబడెను. ఉపనదులు కొత్త ఇసుకను తెచ్చిన వెంటనే వరద వదలవలెనని అప్పుడు తెలిసెను. 2004లోను, 2008లోను అట్లు వదలి చూచిరి. 1996లో సంతోషముతో ఇంటికి పోయియున్నచో ఈ సంగతి తెలియకనే పోవును.

కొలరాడోలో కొలిచినవారు ప్రభుత్వోద్యోగులు, శాస్త్రజ్ఞులు. మన జిల్లాలో కొలిచినవారు రైతులు. ఇది మరింత సాహసమని నా యభిప్రాయము. 2003లో నెదర్లాండ్స్ ప్రభుత్వ ధనసహాయముతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా, రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకమొకటి ఆరంభమయ్యెను. కరవునకు లోనగు ఏడు జిల్లాలను ఎన్నుకొనిరి: అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరు, నల్లగొండ. ఆఱువందలకు పైగా పల్లెలు, ఆఱుపదికి పైగా వాగు పరీవాహకములు అందు చేరినవి.

పని యిట్లు సాగెను. ఊరిలో వర్షమాపకమును నిలిపి, కురిసిన వానను ఒక రైతు కొలిచి పుస్తకమున వ్రాయును. కొన్ని బావులను పరిశీలన బావులుగ ఎన్నుకొని, పదునైదు దినముల కొకసారి నీటిమట్టమును చూతురు. బోరు ఎంత నీరు పోయుచున్నదో తెలియుటకు యంత్రమక్కరలేదు. పీపా, గడియారము చాలును. రెండువందల లీటర్ల పీపా నలువది సెకనులలో నిండినచో సెకనుకు ఐదు లీటర్లు, గంటకు 18,000 లీటర్లు. అక్షరములు రానివారు కూడ ఈ లెక్క నేర్చిరి. స్త్రీలును కొలతలకు వచ్చిరి. యాసంగి విత్తులకు ముందు వాగు పరీవాహకములోని రైతులు ఒకచోట చేరుదురు. వానవలన భూమిలో చేరిన నీరు ఇంత. మనము వేయదలచిన పంటలకు కావలసినది ఇంత. మొదటిది రెండవదానికి చాలనిచో, ఆ కొఱతను అందఱి యెదుట బోర్డుమీద వ్రాయుదురు. అంతటితో సభ ముగియును!

నిర్బంధము లేదు. జరిమానా లేదు. వరి వేయకూడదని ఒకరిని ఒకరు శాసింపరు. ఏమి విత్తవలెనో ఇంటికి పోయి రైతే నిర్ణయించుకొనును. ఇది పనిచేయునాయని మీకు సందేహము కలుగవచ్చును, పెద్దలకును కలిగినది. ప్రపంచ బ్యాంకు 2010లో భారతదేశపు భూగర్భజలముపై వెలువరించిన అధ్యయనమున ఈ పథకమును పరిశీలించినది. పథకమున చేరిన పల్లెలలో అనేకము తోడుకొను నీరు తగ్గినదనియు, పంటల మార్పిడి, పొదుపు పద్ధతులు ఇందుకు కారణములనియు, రైతుల రాబడి అందువలన తగ్గలేదనియు అందు తేలినది. పరోపకారబుద్ధియే ఇందుకు కారణమని చెప్పుటకు వీలులేదు. నీరు చాలదని బోర్డుమీద చూచిన రైతు, మార్చినెలలో ఎండబోవు వరికి డిసెంబరులో పెట్టుబడి పెట్టుటకు వెనుదీసెను. లెక్క అతని అప్పును తప్పించినది.

కాలువక్రింది వరికి వేరొక ప్రయోగము జరిగినది. కృష్ణలో నీరు కొఱవడిన 2002, 2003 సంవత్సరములలో సాగరు ఆయకట్టు మిక్కిలి బాధపడెను. ఆ 2003 వానాకాలమునందే ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము, డాక్టరు అలపాటి సత్యనారాయణ ప్రోత్సాహమున, శ్రీ వరి సాగును రాష్ట్రమందంతట రైతుల పొలములలో పరీక్షించెను. ఈ పద్ధతి మడగాస్కరు ద్వీపమున హెన్రీ ద లోలానీ యను మతాచార్యుని పరిశీలనములనుండి 1980ల తొలిభాగమున పుట్టినది. వరి నీటిలో బ్రదుకగలదు గాని నీటి పంట మాత్రము కాదని దీని సారము. ఇరువదైదు, ముప్పది దినముల నారు కుదురుగ నాటుటకు మారుగా, ఎనిమిది మొదలు పండ్రెండు దినముల లేత మొక్కను ఒక్కొక్కటిగ, 25 సెంటీమీటర్ల యెడముతో నాటుదురు. ఎకరమునకు ఇరువది కిలోలకు బదులు రెండు కిలోల విత్తనము చాలును. మడిలో నీరు నిలుపక, తడిపి ఆరనిచ్చి మరల తడుపుదురు. కలుపును కోనో వీడరుతో త్రొక్కి మట్టిలో కలిపివేయుదురు.

నీరు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వరకు మిగిలినట్లు అనేక పరీక్షలలో కనబడినది. దిగుబడి విషయమున శాస్త్రజ్ఞులలో పెద్ద వివాదము చెలరేగెను. అసాధారణమైన దిగుబడుల వార్తలను కొందఱు నమ్మలేదు. కొలతలు సరిగా లేవనిరి. వివాదము పడుట మంచిదే. కొలతపై కొలత వచ్చినది. అయినను సాగరు కాలువక్రింద శ్రీ వరి ఆశించినంత వ్యాపింపలేదు. లేత నారు నాటుటకు అలవాటుపడిన కూలీలు దొరకరు. నల్లరేగడిలో వీడరు నడుపుట నడుము విఱుచు పని. అన్నిటికంటె పెద్ద చిక్కు వేరొకటి. కాలువక్రింద నీరు మడినుండి మడికి పారును. ఎగువ మడిలో నీరు నిలిచియుండగా నా మడిని ఆరబెట్టుదునన్న వీలుపడదు. పైగా వారబందీలో నీరు మరల వచ్చు దినముపై నమ్మకము లేనివాడు తన మడిని ఎట్లు ఆరనిచ్చును? ఒక రైతు ప్రయోగమునకు ఇరుగుపొరుగువారును, కాలువ అధికారియు భాగస్వాములు కాక తప్పదు.

అందుచే, పద్ధతి నంతటిని స్వీకరింపలేనివారికి అందులో ఒక భాగమును ఫిలిప్పీన్సునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సులభము చేసి యిచ్చినది. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు గల గొట్టమునకు అడుగుభాగమున రంధ్రములు చేసి మడిలో పాతుదురు. లోపలి మట్టిని తీసివేయుదురు. మడి పైకి ఎండినట్లున్నను, గొట్టములో తొంగిచూచిన వేళ్ళకు అందు నీరు కనబడును. ఆ నీరు నేలమట్టమునకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయినపుడు మాత్రము తడి పెట్టిన చాలును. నాటిన తొలి దినములలోను, పూతవేళయందును మాత్రము నీరు నిలుపవలెను. ఇట్లు ఆరనిచ్చుటవలన, నిలువనీటిలో పుట్టి వాతావరణమును వేడెక్కించు మీథేను వాయువు కూడ సుమారు సగము వరకు తగ్గునని కొలతలు తెలుపుచున్నవి. ఒక కిలో వడ్లకు సగటున 2,500 లీటర్ల నీరు వ్యయమగుచున్న కాలమున ఈ చిన్న గొట్టము చిన్న వస్తువు కాదు.

అయినను ఒక సంగతి మరువరాదు. ప్రయోగశాలలో గొట్టము పగిలిన శాస్త్రజ్ఞుని భోజనమునకు లోటు రాదు. ఎకరము పొలమే ఆధారముగ గల రైతు ప్రయోగము చెడినచో ఆ యేడాది ఇంట గింజ యుండదు. కాబట్టి తెలివిగల రైతు నలువది గుంటలలో పది గుంటలు మాత్రము కొత్త పద్ధతికి విడిచి, తక్కినది పాత పద్ధతిన సాగు చేయును. పొరుగుననే రెండును ఉండుటచే పోల్చి చూచుటకు వీలగును. శాస్త్రజ్ఞుడు కోరునదియు అదే. కొత్తదానిని ఊరంతటను ఒక్కసారి చేయుడని ఆజ్ఞాపించువారు పోలికకు చోటు మిగుల్చరు, రైతునకు దిక్కును మిగుల్చరు.

బజారు మాట కూడ చెప్పవలసి యున్నది. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు కావలెను. వడ్లకు కొనుగోలు కేంద్రములు కలవు, నిర్ణీతమైన మద్దతు ధర కలదు. పెసరకును, వేరుసెనగకును మద్దతు ధర కాగితముమీద ఉన్నను, వాకిట నిలిచి కొనువాడు అంత నిశ్చయముగ దొరకడు. 2021లో ఉప్పుడు బియ్యపు సేకరణపై చిక్కు వచ్చినపుడు, యాసంగిలో వరి వేయవద్దని రాష్ట్ర ప్రభుత్వము రైతులకు చెప్పెను. ఆ యాసంగిలో వరి తగ్గినది. మరుసటి యాసంగిలో అది మరల పెరిగినది. బోర్డుమీద నీటి జమాఖర్చు వ్రాసినవారు ఆ రెండు యేండ్లను ప్రక్కప్రక్కన వేసి చూచినచో, నీరెంత కలదను గడి ప్రక్కన, పంటను కొనువారెవరను గడి కూడ గీయవలసి వచ్చును.